ఎవరని చెప్పమంటారు?

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఊరందరినీ అడిగిన ప్రశ్న ఒకటే: "ఎవరు మాట్లాడేది?" టెలిఫోను ఆపరేటరుకు పలకరింపైనా, పనైనా అదే. రిటైరైన కొత్తలో తలుపు తట్టినవాళ్లను కూడా ఆ గొంతుతోనే అడిగేదాన్ని. పాలు పోసే ఆమె నొచ్చుకుని, "నేనేలేమ్మా, రోజూ వచ్చేదాన్నే. దినామూ పేరు చెప్పల్లనా ఏంది" అనేది.

మొన్న మా వీధి పిల్లలు నా దగ్గరికొక తగవు తెచ్చారు. నంద్యాల సంగతులన్నీ రాసుకునే గుంపొకటి వాళ్ల ఫోనుల్లో ఉందట. అందులో ఎవరో మారుపేరు పెట్టుకుని, ఒక దుకాణం నూనెలో కల్తీ ఉందని రాశారు. అంతే, పిల్లలు రెండు పక్షాలైపోయారు. అసలు పేరు పెట్టే ధైర్యం లేనివాడు నోరు మూసుకోవాలని ఒక పక్షం. పేరు పెట్టి తీరాలంటే నిజం చెప్పేవాడే మిగలడని ఇంకో పక్షం. "నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పవ్వా" అన్నారు. నేను బొరుగులు పెట్టి పంపించాను. వాళ్ల వయసులో నన్నెవరైనా అడిగి ఉంటే టక్కున ఏదో ఒకటి చెప్పేదాన్నే. ఆళ్లగడ్డలో పని చేసి వచ్చాక మాత్రం ఆ ప్రశ్నకు జవాబు అంత తొందరగా నోటికి రావడం లేదు. అందుకని జవాబు పక్కన పెట్టి, జరిగిన సంగతి రాస్తున్నాను. పిల్లలూ, మీ తగవు మీరే తీర్చుకోండి.

డెబ్బైల చివరి మాట ఇది. మా నాయన నంద్యాలలో మిషన్ బడి పంతులు. నేను ఆ ఊరి ఎక్స్ఛేంజిలోనే పని నేర్చుకున్నాను. నేర్పిన సూపర్‌వైజరమ్మ మహా ఖచ్చితమైన మనిషి. ఆదివారం చర్చిలో మా బెంచీలోనే కూర్చునేది, సోమవారం నన్ను ఎరగనట్టే ఉండేది. మొదటి రోజే చెప్పింది: "మనది చెవుల ఉద్యోగం పాపా. నోరు ఉండేది లైను కలిపేదానికే. విన్నది ఆడే వదిలిపెట్టి ఇంటికి పోవల్ల. పెదవి దాటితే పృథివి దాటుతాది, గుర్తు పెట్టుకో."

పని వచ్చిందనుకున్నాక నన్ను ఆళ్లగడ్డకు వేశారు. చుట్టాలు మా నాయనను నిలదీశారు: "ఆడపిల్లను ఆళ్లగడ్డకు పంపుతాండావా సారూ?" ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "పోయేది ఊరిమాట వినేదానికే కదా, ఊర్ని ఏలేదానికి కాదు కదా" అన్నాడు.

ఎక్స్ఛేంజి అంటే పోస్టాఫీసు వెనక ఒక గది, రోడ్డు వైపు ఒక కిటికీ. గదిలో కొయ్య బీరువా అంత బోర్డు, దాని మీద వరసగా చిన్న చిన్న ఇత్తడి మూతలు. ఇంటికొక నంబరు, నంబరుకొక మూత. ఎవరింట్లోనైనా ఫోను పిడి తిప్పితే ఇక్కడ వాళ్ల మూత టక్కున పడేది. దాని కింది బెజ్జంలో తాడు గుచ్చి నేను పలికేదాన్ని. వాళ్లడిగిన ఇంటి బెజ్జంలో రెండో తాడు గుచ్చి గంట కొట్టేదాన్ని. విద్య అంతా అంతే. ఇందులో మీరు గుర్తు పెట్టుకోవలసింది ఒకటే. మాట్లాడేవాడు పేరు చెప్పినా చెప్పకపోయినా, ఏ ఇంటి నుంచి మాట్లాడుతున్నాడో పడిన మూత నాకు చెప్పేసేది. ఇప్పుడు మారుపేర్లతో రాసేవాళ్లకు కూడా ఎక్కడో ఒకచోట ఇలాంటి మూత పడుతుందని మా వీధి పిల్లలే అన్నారు.

ఆళ్లగడ్డలో నంబరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. "డాక్టరుకియ్యి పాపా", "గింజల మిల్లుకియ్యి", "మా బామ్మర్ది వాళ్లింటికియ్యి". ఎవరి బావమరిది ఎవరో నాకు తెలిసి ఉండాలి. ఇంకో ఆచారం కూడా ఉండేది. పిలుస్తున్నది ఎవరో తెలియకుండా ఆ ఊరి పెద్దలు ఫోను అందుకునేవారు కాదు. గంట మోగగానే ముందు నన్ను అడిగేవారు, "ఎవురంట?" అని. శత్రువు పిలుస్తుంటే ఒక గొంతు, వియ్యంకుడు పిలుస్తుంటే ఇంకో గొంతు తెచ్చుకోవాలి కదా మరి. కాబట్టి నేను కలపబోయే ముందే అడిగి పెట్టుకునేదాన్ని: "ఎవరని చెప్పమంటారు?"

నాతో పాటు చాగలమర్రి నుంచి రోజూ బస్సులో వచ్చే సీనియర్ ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. అన్నా అని పిలిచేదాన్ని. ఏ మూత పడబోతోందో పడక ముందే చెప్పగలనని ఆయన నమ్మకం. పదిసార్లకు మూడుసార్లు నిజమయ్యేది, ఆ మూడే ఊరంతా చెప్పుకునేవాడు. బోర్డు ముందు కూర్చుంటే రాయిలా ఉండేవాడు గానీ, టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఆ రాయి కరిగిపోయేది. మంచి మనిషి. మంచి మనుషులతోనే ఎక్కువ ప్రమాదమని అప్పటికి నాకు తెలియదు.

ఇక అసలు మనిషి. ఊళ్లో సారా వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరు ఇంట్లో ఒక ఫోను, ఊరి బయట ఆయన గోడౌనులో ఇంకో ఫోను ఉండేవి. ఇంటి ఫోను మూత రోజూ పొద్దున పది దాటాక ఒకసారి పడేది. ఆయన భార్య. "నంద్యాల బస్సు పోయిందా పాపా?" అని అడిగేది. మా కిటికీలోంచి రోడ్డు కనపడుతుంది కాబట్టి చూసి చెప్పేదాన్ని. పోయిందక్కా అంటే "సరేలే" అనేది. ఇంకా రాలేదక్కా అన్నా "సరేలే" అనేది. ఆమె ఏ బస్సూ ఎక్కేది కాదు. ఆ ఇంట్లో పిల్లలు లేరు, మాట్లాడే తోడూ లేదు. వట్టిగా పలకరించడం మర్యాద కాదనుకుని బస్సును అడ్డం పెట్టుకునేది. ఆమెను నేను చూడలేదు, ఆమె నన్ను చూడలేదు. పేరు కూడా తెలియదు. ఊరికి ఆమె కాంట్రాక్టరు పెండ్లాం, నాకు బస్సక్క.

ఒకరోజు మధ్యాహ్నం ఆ మూతే పడింది. తాడు గుచ్చి, "చెప్పక్కా" అనబోయి ఆగాను. అవతల గొంతు మొద్దుగా, బొంగురుగా, కొంగు అడ్డం పెట్టుకున్నట్టు వచ్చింది.

"పెద్దాసుపత్రి డాక్టరుకియ్యి."

ఎవరో మగమనిషిలా మాట్లాడాలని ఆమె ప్రయత్నం. నవ్వు రావలసింది గానీ రాలేదు. ఆ గొంతు వణుకుతోంది.

"ఎవరని చెప్పమంటారు?" అని కొత్తవాళ్లను అడిగినట్టే అడిగాను.

"ఎవురైతే ఏంది? బేగా ఇయ్యి."

నేను మోసపోయానని ఆమె అనుకుంది. మోసపోయినట్టే ఉన్నాను.

డాక్టరుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాయన, ఊరికి కొత్త. పేరు చెప్పడం లేదు సార్ అన్నాను. ఊరివాడైతే "పేరు చెప్పనోనితో మాటలేంది, తీసెయ్యి" అనేవాడు. ఆయనకు ఆ ఆచారం ఇంకా అంటలేదు, "పర్వాలేదు, ఇవ్వండి" అన్నాడు. గొంతులు కలిశాయో లేదో చూసుకోవడానికి ఆపరేటరు కొంచెంసేపు వినాలి. విన్నాను.

"సారూ, రేపు సంతకు కొత్త పీపాలు పోతాండాయి. ఆ సారా ఎవుర్నీ తాగనియ్యాకండి. నిన్న ఒక జీతగాడు రోంత తాగినాడు. పొద్దున లేచి, ఎండ కొడతాంటే, దీపం ఎందుకార్పినారని అడుగుతాండాడు."

"మీరెవరండీ? ఎక్కడ, ఎవరింట్లో?"

"నేనెవురైతే నీకేం సారూ. మాట నిజమా కాదా చూసుకో" అని పెట్టేసింది.

ఆ డాక్టరు చూసుకున్నాడు. సాయంత్రం లోపు మా బోర్డు మీద మూతలన్నీ ఆసుపత్రి చుట్టూనే పడ్డాయి. సంత రోజు పొద్దున అధికారులు వచ్చి ఆ పీపాలను ఊరి బయట మురికి కాలువలోకి ఒంపించారు. సంతకు వచ్చిన జనం కాలువ గట్టున నిలబడి, పోతున్న సరుకును చూసి నిట్టూర్చారు తప్ప తమ ప్రాణం గట్టెక్కిందని ఎవరూ అనుకున్నట్టు లేదు. జీతగాణ్ని కర్నూలు తీసుకుపోయారు. ఒక కన్ను మిగిలింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను కూడా పిల్లల రెండో పక్షంలో చేరిపోయేదాన్ని. పేరు లేని ఒక్క మాట ఒక సంతను కాపాడింది కదా, ఇంకేం కావాలి? కానీ పేరు లేకుండా వదిలిన మాట పేరు లేకుండానే ఉండిపోదు. ఊరు ఊరుకోదు. ఎవరిదో ఒకరి పేరు తెచ్చి దానికి తగిలిస్తుంది.

పై అధికారులను నమ్మించడానికి డాక్టరు ఆ జీతగాడి సంగతి, దీపం మాట చెప్పాడు. అది తిరిగి తిరిగి కాంట్రాక్టరు చెవిన పడింది. ఆయన కూర్చుని లెక్క వేసుకున్నాడు. దీపం మాట తెలిసినవాళ్లు ఎవరు? తను. ఆ జీతగాడు, వాడికి కళ్లే కనపడటం లేదు, ఫోనేం చేస్తాడు. ఇంటికొచ్చి పోయే గుమాస్తా. అంతే, లెక్క అయిపోయింది. ఆ జీతగాడికి గంజి తాగించి, ముఖం కడిగిన భార్య ఆయన లెక్కలోకే రాలేదు. ఇంట్లో కుర్చీ ఉంది, గోలెం ఉంది, అవి ఫోను చేస్తాయా?

రెండు రోజులకు ఆయనే మా కిటికీ దగ్గరికి వచ్చాడు. తెల్లటి పంచె, మెల్లటి మాట. "లోపలికి రాకూడదు" అని గోడ మీద రాసి ఉంటే దానికి గౌరవమిచ్చి బయటే నిలబడ్డాడు.

"ఆ పొద్దు డాక్టరుకు ఫోను కలిపింది నువ్వేనంట కదా పాపా."

ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు. మా అన్న టీకొట్టు.

"లోకల్ కాల్స్ ఏవీ రాసుకోము సార్," అన్నాను.

"రాసుకునేదెందుకు, వినింటావు కదా."

"విన్నది చెప్పకూడదు సార్. ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం నాకెందుకమ్మా. ఎవురు చేసినారని నేను అడగడంల్యా. ఒక్క మాట. మా గుమాస్తా గొంతా, కాదా? కాకపోతే కాదను. నా దావన నేను పోతా."

పిల్లలూ, అడకత్తెరలో పోకచెక్క అని చదువుకున్నారు కదా, అది నేనే. కాదు అంటే గుమాస్తా బయటపడతాడు. కానీ ఆయన ఇంటికి పోయి లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తాడు, ఈసారి గంజి తాగించిన మనిషి లెక్కలోకి వస్తుంది. ఔను అంటే అబద్ధం, ఒక నిరపరాధి నడుము విరుగుతుంది. నాకు భయం వేసింది. చేతిలో తాడు పట్టుకునే ఉన్నాను, అది ఎందుకు పట్టుకున్నానో మర్చిపోయాను.

"నాకు తెలీదు సార్," అన్నాను.

ఆయన నవ్వాడు. "కాదని అనలేకపోతాండావు. ఇంకేం, చెప్పినట్టే కదా" అని పై పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. నేను చెప్పని మాటను చెప్పించుకుని పోయాడు.

అన్న డ్యూటీకి రాగానే మీద పడ్డాను. టీకొట్టులో ఏం కూశావన్నాను. ఆయన బిత్తరపోయాడు.

"నీ గొప్పే చెప్పినా పాపా. మా పాప ఆ ఫోను కలిపింది గనకనే ఊరు బతికిందని. పేరు పెట్టి పొగిడితే తప్పా?"

"ఆ పేరే నా కొంప ముంచింది అన్నా."

ఇంకా చాలా అన్నాను. మా నాయన విని ఉంటే పాపపరిహారానికి నెల రోజులు చర్చి ఊడ్పించేవాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డలో నేనున్నన్నాళ్లూ అన్న టీని మా గదిలోకే తెప్పించుకుని, గోడ వైపు తిరిగి తాగాడు.

మర్నాడు పొద్దున గుమాస్తా వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఆ రోజు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. చేతులు కిటికీ కడ్డీల మీద పెట్టి, లోపలికి చూడకుండా మాట్లాడాడు.

"సాయంత్రం గోడౌనుకు రమ్మన్నాడమ్మా. నాకు ఫోను తిప్పేదే రాదు, నీకు తెలుసు కదా. ఎవురు చేసినారో నాకొద్దు. నేను కాదని ఒక్క మాట ఆయప్పకు చెప్పు, సాలు."

గోడౌనుకు రమ్మనడమంటే ఏమిటో నాకూ తెలుసు. అంతకు ముందు అక్కడికి పిలిపించిన హమాలీ ఒకడు వేరుశనగ విత్తి, పీకి, కుప్ప వేసే దాకా మంచం దిగలేదు. పోలీసులకు చెప్పొచ్చు కదా అంటారు. ఏమని? ఇంకా ఏమీ జరగలేదు. జరగబోయేది చెప్పాలంటే తెలిసిందంతా చెప్పాలి, ఆ తెలిసినదాంట్లోనే ఆమె ఉంది.

"నేనేం చెప్పలేనన్నా" అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మంచిదమ్మా" అని, కడ్డీల మీద చేతులు తీసి, ఆ తప్పిన గుండీలతోనే నడిచి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. మూతలు పడుతున్నాయి కాబట్టి ఏడవడానికి వీలు దొరకలేదు.

పది దాటాక ఆ మూత పడింది.

"నంద్యాల బస్సు పోయిందా పాపా?"

ఆ ఫోను రోజు తర్వాత కూడా ఆమె రోజూ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. ఇద్దరమూ ఏమీ జరగనట్టే.

"పోయిందక్కా" అన్నాను. ఆమె సరేలే అనే లోపే, "మీ గుమాస్తా ఇప్పుడే ఈడికొచ్చి పోయినాడక్కా. డాక్టరుకు ఫోను చేసింది ఆయనేనని సాయంత్రం గోడౌనుకు రమ్మన్నారంట," అన్నాను.

ఇది ఫోనులో విన్నది కాదు, కిటికీలో విన్నది. ఫోనుకు రూలుంది గానీ కిటికీకి ఏ రూలూ లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సూపర్‌వైజరమ్మ ఒప్పుకునేది కాదు.

అవతల వంటింట్లో ఏదో గిన్నె చప్పుడు.

"ఆయప్ప చేయలేదు," అంది.

"నాకెట్ల తెలుస్తాదక్కా?"

"నీకు తెలుసు. మా ఇంట్లో ఫోను బిగించేటప్పుడే లైను మనిషి చెప్పినాడు, పిడి తిప్పితే మా మూత పడతాదని. ఆ పొద్దు కంగారులో నాకది గుర్తు రాకపోయె. తర్వాత తట్టింది. తట్టినకాణ్ణించి చూస్తాండా, ఈ పాప ఎవురితోనన్నా అంటాదేమోనని. ఇప్పుడు రోజూ ఫోను చేసేది అందుకే. నువ్వు అనలేదు."

నేనేమీ అనలేదు, అప్పుడు కూడా.

"ఆయప్పకు ఇద్దరు ఆడబిడ్డలు," అని పెట్టేసింది.

ఆ రోజు డ్యూటీ అయిపోయాక కూడా నేను బోర్డు దగ్గర నుంచి లేవలేదు. అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. లెమ్మనలేదు, కూర్చోమనలేదు. పొద్దు వాలుతుండగా రోడ్డు మీద గుమాస్తా గోడౌను వైపు పోతున్నాడు. కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు ఆయనకు ఆ పక్కా ఈ పక్కా నడుస్తున్నారు, చుట్టాలను సాగనంపుతున్నట్టు కబుర్లు చెప్పుకుంటూ.

అప్పుడు మూత పడింది.

"గోడౌనుకియ్యి పాపా." కొంగు అడ్డం లేదు. రోజూ బస్సు అడిగే గొంతే.

ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే అడిగేసింది. "ఎవరని చెప్పమంటారు?"

ఆ ఇంటి నుంచి గోడౌనుకు ఎప్పుడు కలిపినా "ఇంటికాణ్ణించి అని చెప్పు" అనడమే వాడుక. ఈసారి ఆమె అట్లా అనలేదు. తన పేరు చెప్పింది. ఇంటిపేరు, దాని వెనక తన పేరు, పూర్తిగా. ఇంటిపేరు కూడా మొగునిది కాదు, పుట్టింటిది.

గోడౌనులో ఫోను ఎత్తింది ఆయనే. "ఎవురంట?"

నేను ఆ పేరు చెప్పాను.

"ఎవురు?"

మళ్లీ చెప్పాను.

"ఆ పేరుగల్లోళ్లు నాకెవురూ తెల్దే. యా ఊరంట? ఏం పనంట?"

మా ప్రాంతంలో మగవాడు పెండ్లాం పేరు నోటితో పలకడు. పిల్లలుంటే ఫలానా వాని తల్లీ అంటాడు, లేకుంటే ఏమే అంటాడు. పెండ్లి పత్రికలో అచ్చైనప్పుడు ఆయన ఆ పేరు ఒకసారి చదివి ఉంటాడేమో. నేను ఆపరేటరును, పిలిచే పార్టీ ఏ ఊరని అడిగితే చెప్పడం నా పని.

"మీ ఇంటి నుంచే సార్," అన్నాను. "మాట్లాడండి."

మాటలు కలిశాయో లేదో వినడానికి నాకు హక్కుంది. అయినా వినే కీ వెనక్కి తిప్పేశాను. ఇంక వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినపడదు. వినగలిగి కూడా వినకుండా కూర్చోవడం అంత కష్టమని అంతకు ముందు నాకు తెలియదు. అన్న నా భుజం మీదుగా బోర్డు చూస్తున్నాడు. గుచ్చిన రెండు తాళ్లూ గుచ్చినట్టే ఉన్నాయి, చాలాసేపు.

పొద్దు గుంకక ముందే గుమాస్తా తిరిగి వచ్చాడు, ఒక్కడే. కిటికీ ముందు ఆగి నా వైపు చూసి, ఏదో అడగబోయి మానుకున్నాడు. ఎవరు చేశారో నాకొద్దు అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ వారంలోనే పెండ్లాం బిడ్డలతో పాములపాడు వైపు పోయాడని విన్నాను.

మర్నాడు పొద్దున ఆ మూత పడలేదు. పది దాటింది. నేను చేస్తున్న పని చేస్తూ దాని వైపే చూస్తున్నాను. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమైందో నాకు తెలియదు, ఊహించకుండా ఉండటం కూడా చేతకాలేదు. పదిన్నరకు పడింది.

"నంద్యాల బస్సు పోయిందా పాపా?" గొంతు కొంచెం బరువుగా ఉంది. పెదవి వాచినవాళ్ల మాటలా ఉంది.

"ఇంకా రాలేదక్కా."

"అట్లయితే అందుకుంటా," అంది.

అన్ని రోజులూ అడిగిన ప్రశ్నకు ఆమెకు నిజంగా జవాబు కావలసింది ఆ ఒక్కరోజే. బస్సు వచ్చాక కిటికీలోంచి చూశాను. ఒక ట్రంకుపెట్టె, నెత్తిన నిండుగా కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి. ఆమే అయి ఉండాలి. ఎక్కబోతూ పోస్టాఫీసు వైపు ఒకసారి తిరిగింది గానీ, ఎండ నా కంట్లో పడి ముఖం కనపడలేదు. తర్వాత నెలలో కాంట్రాక్టరు ఇంటి ఫోను తీసేయించుకున్నాడు. పెట్టె ఊడదీసుకొచ్చిన లైన్‌మన్, "ఆ ఇంట్లో ఆడమనిషి లేదమ్మా, పుట్టింటికి పోయిందంట, మల్ల రాదంట" అన్నాడు. అన్న నా వైపు చూశాడు.

ఇప్పుడు మీ తగవు సంగతి. ఆ రోజు డాక్టరుతో మాట్లాడేటప్పుడే ఆమె పేరు చెప్పి ఉంటే ఏమయ్యేదని మీరు అడుగుతారు. చెప్పాల్సి వస్తే ఆమె ఫోనే ఎత్తేది కాదు, కాలువలో పోయిన సారా మనుషుల కడుపుల్లోకి పోయేది. మరి చివరి దాకా చెప్పకుండా ఉండి ఉంటే? గుమాస్తా నడుము. రెండూ నిజాలే, మీ రెండు పక్షాలకూ చెరొకటి ఇస్తున్నాను, పట్టుకుపోండి. నాకు తెలిసింది ఇంతే: ఆమె పేరు ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు బయట పెట్టాలో నిర్ణయించుకున్నది ఆమె. కాంట్రాక్టరు కాదు, టీకొట్టు కాదు, నేను కాదు. మూత చూసిన నాకు మాత్రం నోరు మూసుకునే పని పడింది. ఇంతా రాసి ఆమె పేరు రాయలేదేమని అడగకండి.

కానీ ఆ పేరు నేను ఇంకొక్కసారి విన్నాను. ఎనభైల నడుమ నన్ను మళ్లీ నంద్యాలకు వేశారు, ఈసారి ఊరికీ ఊరికీ కలిపే ట్రంకు బోర్డు. వానలు మొదలయ్యే కాలం. విత్తనాల దుకాణాలకు కాల్స్ ఎడతెరిపి లేకుండా వస్తున్నాయి. డోన్ ఆపరేటరు ఒక కాల్ ఇచ్చాడు, ప్యాపిలి నుంచి, ఇక్కడి విత్తనాల దుకాణానికి. ఎవరని చెప్పాలి అని అడిగాను. ఆయన విసుగ్గా ఒక పేరు చదివాడు. ఇంటిపేరు, దాని వెనక పేరు, పూర్తిగా.

చేతిలో తాడు ఒక క్షణం ఆగింది. ఆమేనా, ఆ పేరుతో ఇంకెవరైనానా? అడగొచ్చు. అక్కా, బస్సు పోయిందా అని నేనే అడగొచ్చు. కానీ లైను మీద ఉన్నది నాతో మాట్లాడటానికి కాదు. దుకాణానికి గంట కొట్టాను. షావుకారు ఎత్తాడు, వెనకాల తక్కెడ చప్పుడు, కూలీల కేకలు.

"ప్యాపిలి నుంచి ట్రంకు కాల్," అని ఆ పేరు చెప్పాను.

"ఓహో, ఆయమ్మనా! ఇయ్యమ్మా, బేగా ఇయ్యి," అన్నాడు. "ఒరే, తక్కెడ ఆపండ్రా రోంతసేపు, ఆయమ్మ మాట్లాడతాది."

ఎవురు అని అడగలేదు. మాట్లాడండి అని చెప్పి, కీ వెనక్కి తిప్పేశాను.